డిగ్రీ తర్వాత నీటి వనరులా, సముద్ర వనరులా? విశాఖలో ఉండి చదవాలంటే దారి ఏది?

గోస్తని_ఒడ్డు | భీమునిపట్నం | శుక్రవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం నా సబ్జెక్టులు. ఇంటర్‌లో బైపీసీ. నాన్న ఇరవై రెండేళ్లు మరబోటు మీద కళాసీగా వెళ్లారు. ఇప్పుడు నడుము సహకరించక ఒడ్డునే వలలు బాగుచేస్తున్నారు. అమ్మ చేపల తట్టతో చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు భీమిలికి ఉత్తరాన, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంది. ఆ ఇంటి పెరట్లో రాతికట్టు బావి ఉంది. నా చిన్నతనంలో ఆ నీళ్లతోనే వంట. ఇప్పుడు ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు విడవదు. సబ్బు నురగ రాదు. బావి కడుపులోకి సముద్రం వచ్చేసిందని అమ్మమ్మ అంటుంది. ఆవిడ బడికి వెళ్లలేదు, కానీ ఆ మాట వెనక ఉన్న శాస్త్రం ఏమిటో తెలుసుకోవాలని నాకు రెండేళ్లుగా తపన.

మా కళాశాలలో ఒక మాస్టారు సముద్ర జీవశాస్త్రం చదవమంటున్నారు. సీనియర్ ఒకరు భూగర్భజలాల వైపు వెళ్లమంటున్నారు. విదేశాల్లో నీటి వనరులు, సముద్ర వనరుల నిర్వహణ రెండూ కలిపి ఒకే కోర్సుగా చెబుతారని ఒక ప్రకటనలో చూశాను. అసలు వీటిలో ఏం నేర్పుతారు? లెక్కలు రాకపోతే కష్టమా? చదివాక ఇల్లు నడుస్తుందా? ఆడపిల్ల ఓడ మీద రోజుల తరబడి ఎలా ఉంటుందని అమ్మ భయపడుతోంది. దయచేసి తెలిసినవారు వివరంగా రాయండి.

పాత_వాల్తేరు | విశ్రాంత అధ్యాపకుడు | శుక్రవారం, రాత్రి 10.40

అమ్మా, నువ్వు అడిగిన చదువు మన దేశంలో వేళ్లూనుకున్న చోట్లలో మన ఊరు ముందువరుసలో ఉంటుంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, విద్యార్థులను వెంటబెట్టుకుని మన తీరం ఎదుట బంగాళాఖాతాన్ని కొలిచారు. అంతవరకూ పుస్తకంలో చదివిన సముద్రాన్ని ఆ కుర్రవాళ్లు సీసాలో పట్టి చూశారు.

వాళ్లు పరిశీలించిన సంగతుల్లో ఒకటి చెబుతాను, ఎందుకంటే అది మీ నాన్నగారి బతుకుతో ముడిపడినది. ఎండలు ముదిరే నెలల్లో నైరుతి నుంచి గాలి మన తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల ఆ గాలి పైనీటిని తిన్నగా ముందుకు నెట్టదు, కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోస్తుంది. ఆ చోటు నింపడానికి అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. ఆ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎక్కువ. వాటిని తిని ప్లవకాలు, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవులు పెరుగుతాయి, ప్లవకాలను తిని కవళ్లు, కవళ్లను తిని వంజరం చేపలు. పొలానికి ఎరువు వేసినట్టే, కాకపోతే ఇక్కడ వేసేది గాలి.

ఇక చదువు సంగతి. సముద్ర శాస్త్రంలో నాలుగు గదులు ఉంటాయి: భౌతికం, రసాయనికం, జీవసంబంధం, భూగర్భం. నిర్వహణ అనేది వీటి మధ్య ఉన్న వసారా. అందులో చట్టం ఉంటుంది, ఆర్థికశాస్త్రం ఉంటుంది, జనంతో మాట్లాడటం ఉంటుంది. ఏదో ఒక గదిలో కాలు గట్టిగా పెట్టకుండా వసారాలో కూర్చుంటే పనికిరారు. ఇది నా అనుభవం. మన విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం వేరు, సముద్ర జీవ వనరుల విభాగం వేరు. బైపీసీ నుంచి వచ్చినదానివి కనుక రెండోది నీకు దగ్గర దారి. మొదటిదానికి డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. రాష్ట్రంలో పీజీ ప్రవేశాలు ఏపీ పీజీసెట్ ద్వారా జరుగుతాయి, ప్రకటన కోసం చూస్తూ ఉండు.

జాలాది_చదువరి | గాజువాక | శుక్రవారం, రాత్రి 11.05

నాదీ ఇదే ప్రశ్న. జవాబుల కోసం ఎదురుచూస్తున్నాను.

బోరుబావి | భూగర్భజలాల ఉద్యోగి | శనివారం, ఉదయం 6.30

మీ అమ్మమ్మగారి మాట ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. దాన్నే డచ్చి దేశపు ఇంజనీరు బాడన్ గైబెన్ 19వ శతాబ్దం చివర, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లో విడివిడిగా లెక్కకట్టి చెప్పారు.

సముద్రపు నీరు మంచినీటి కన్నా నూటికి రెండున్నర పాళ్లు బరువు. అందుకే తీరంలోని ఇసుక నేలలో వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బావిలో నీటిమట్టం సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి ఎంత ధైర్యంగా ఉంది! ఇప్పుడు ఇదే లెక్కను తిరగేయండి. చుట్టూ మోటార్లు వేసి తోడి, మట్టాన్ని అర మీటరు దించితే అడుగున 20 మీటర్ల మంచినీరు పోతుంది. పైన కనిపించేది మూరెడు తగ్గుదల, కింద నుంచి పైకి లేచేది తాటిచెట్టు ఎత్తు ఉప్పునీరు. ఒకసారి ఉప్పు ఎక్కిన ఇసుకను మళ్లీ కడగాలంటే ఎన్నో వానాకాలాలు పడతాయి.

ఈ లెక్క ఇసుక నేలలకే. విశాఖ కొండల కింద ఎక్కువగా ఉన్నది ఖొండలైటు రాయి. ఆ రాతిలో నీరు పగుళ్ల వెంట నడుస్తుంది. పక్కపక్క బోర్లలో ఒకటి తియ్యగా, ఒకటి ఉప్పగా ఉండటం మీరు చూసే ఉంటారు. పగులు ఎటు పోతే నీరు అటు పోతుంది. అందుకే ఈ పనిలో భూగర్భశాస్త్రం తప్పదు.

మీ పేరులోనే గోస్తని పెట్టుకున్నారు కనుక ఆ నదిని ఒకసారి తల నుంచి తోక దాకా చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా నడిచి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర కడలిలో కలుస్తుంది. తాటిపూడిలో ఆగిన నీరు విశాఖ కుళాయిల్లోకి వస్తుంది. మంచిదే, జనం తాగాలి. కానీ నీటితో పాటు ఇసుక కూడా ఆనకట్ట వెనక ఆగిపోతుంది. నదీముఖానికి చేరే మంచినీరు తగ్గుతుంది, ఒడ్డుకు చేరే ఇసుక తగ్గుతుంది, పోటు సమయంలో ఉప్పునీరు నది లోపలికి ఇంకాస్త ఎక్కువ దూరం వస్తుంది. తాటిపూడి దగ్గర తూము తిప్పే ఉద్యోగికి భీమిలి సముద్రం తన పని కాదు. భీమిలిలో చేపలు లెక్కపెట్టే ఉద్యోగికి తాటిపూడి తన పని కాదు. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీయే మీరు చదవాలనుకుంటున్న సబ్జెక్టు. రెండూ కలిపి చెప్పే కోర్సు దొరికితే వదలకండి. దొరకకపోతే ఒకటి చదువుతూ రెండోదాన్ని మీరే పట్టుకోండి.

సరంగు_కొడుకు | చేపల రేవు | శనివారం, ఉదయం 11.20

చెల్లెమ్మా, మీ నాన్నగారి లాగే మా నాన్న కూడా రేవు మనిషి. నేను పదో తరగతి తర్వాత కేంద్ర ప్రభుత్వ మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ వారి విశాఖ కేంద్రంలో నావిగేటర్ కోర్సు చేశాను. ఇప్పుడు బోటు నడుపుతున్నాను. చదువుకున్నవారికి ఒక మాట చెప్పాలని చాలాకాలంగా ఉంది, ఇక్కడ చెబుతాను.

హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇంకాయిస్ వారు ఉపగ్రహం ద్వారా నీటి వేడి, పచ్చదనం చూసి, చేపలు ఎక్కడ చేరతాయో మా ఫోన్లకు పంపుతారు. అది మాకు మేలు చేసింది. డీజిలు కలిసొస్తుంది. మా నాన్న కూడా అదే పని కళ్లతో చేసేవారు. నీలం నీరు, పచ్చ నీరు కలిసే గీత దగ్గర బోటు నెమ్మది చేయించేవారు. రెండు దారులూ ఒకే చోటికి తీసుకెళ్లాయి కనుక నాకు రెండింటి మీదా గౌరవమే. మేఘాలు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనబడదు, ఆ రోజు మళ్లీ నాన్న కళ్లే దిక్కు.

నా బాధ వేరు. విద్యార్థులు కాగితాలు పట్టుకుని రేవుకు వస్తారు. వచ్చేది ఉదయం పదకొండుకు. అప్పటికి వేలం అయిపోయి, మనుషులు నిద్రలో ఉంటారు. ఆ కాగితంలో మొదటి ప్రశ్న, మీ నెల ఆదాయం ఎంత అని. మాకు నెల జీతం ఉండదు. చేప అమ్మిన డబ్బులో డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు తీసేసి, మిగిలినది బోటు యజమానికి, మనుషులకు వాటాలు వేస్తారు. బోటు నడిపే సరంగు వాటా వేరు, కళాసీ వాటా వేరు. చేప పడని ట్రిప్పుకు వాటా సున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఈ వాటాల లెక్క తెలియకుండా ఎన్ని రోజులు వేట ఆపాలి, వలకన్ను ఎంత ఉండాలి అని నిర్ణయిస్తే ఆ నిర్ణయం మా కళాసీ ఇంటి పొయ్యి మీద పడుతుంది. నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివి. ఆ ప్రశ్న సరిగ్గా ఎలా అడగాలో నీకు తెలుసు. అందుకే నువ్వు చదవాలి.

ఉన్నమాట | సీతమ్మధార | శనివారం, మధ్యాహ్నం 2.10

అందరూ ఉత్సాహపరుస్తున్నారు కనుక ఉద్యోగాల గురించి నేను రాయాల్సి వస్తోంది. మా అక్క సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది, మంచి మార్కులతో. ఆ తర్వాత మూడేళ్లు ప్రాజెక్టు సహాయకురాలిగా పనిచేసింది. ప్రాజెక్టు ముగిసిన రోజే ఉద్యోగం ముగిసింది. తర్వాత ఒక ప్రైవేటు కళాశాలలో పాఠం చెప్పింది, జీతం రెండు మూడు నెలలకొకసారి ఇచ్చేవారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్నవారు ఈ కాలాన్ని ఎలా దాటాలో ముందే ఆలోచించుకోవాలి.

ఇంకొకటి. మత్స్యశాఖ ఉద్యోగ ప్రకటనల్లో చాలావాటికి బీఎఫ్‌ఎస్సీ అడుగుతారు. అది మత్స్యశాస్త్రంలో నాలుగేళ్ల డిగ్రీ, ఇంటర్ తర్వాత చేరాల్సినది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఆ కళాశాల ఉంది. సాధారణ బీఎస్సీ చదివినవారికి దాని పీజీ అయిన ఎంఎఫ్‌ఎస్సీ తలుపు చాలాచోట్ల తెరుచుకోదు. ఈ సంగతి మా అక్కకు ఇంటర్‌లో ఎవరూ చెప్పలేదు. జాలాది_చదువరి గారూ, మీరు ఇంకా ఇంటర్‌లో ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను.

జాలాది_చదువరి | గాజువాక | శనివారం, మధ్యాహ్నం 2.45

అవునండీ, ఇంటర్ రెండో సంవత్సరమే. బీఎఫ్‌ఎస్సీ అనే డిగ్రీ ఉందని ఇప్పుడే తెలిసింది. చాలా కృతజ్ఞతలు.

ఉప్పు_సీసా | ఎమ్మెస్సీ రెండో సంవత్సరం | శనివారం, సాయంత్రం 5.30

ఏం నేర్పుతారని అడిగావు కదా, ఒక్క ప్రయోగం పూర్తిగా చెబుతాను. మిగతావి ఊహించుకోవచ్చు.

నీటిలో ఎంత ప్రాణవాయువు కరిగి ఉందో కొలిచే వింక్లర్ పద్ధతి. 1888 నాటిది, ఇప్పటికీ దానికి సాటి లేదు. ప్రాజెక్టు పని మీద పరిశోధన నౌకలో పన్నెండు రోజులు ఉన్నప్పుడు రోజుకు నలభై సీసాలు నేనే చేశాను. లోతు నుంచి పైకి వచ్చిన గొట్టపు సీసాకు రబ్బరు ట్యూబు తగిలించి, ఆ ట్యూబు కొసను గాజు సీసా అడుగుకు ఆనించి నింపాలి. ఒక్క బుడగ కూడా లోపలికి పోకూడదు, పోతే గాలిలోని ప్రాణవాయువు లెక్కలోకి వస్తుంది. సీసా నిండి పొర్లాక మాంగనీసు ద్రావణం ఒకటి, క్షారం కలిసిన అయొడైడు ఒకటి వేసి మూత పెట్టి తలకిందులుగా ఊపాలి. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి మేఘంలా పుట్టి మెల్లగా అడుగుకు దిగుతుంది. ఆపై ఆమ్లం వేస్తే మడ్డి కరిగి టీ డికాక్షను రంగు వస్తుంది. థయోసల్ఫేటు చుక్క చుక్కగా వదిలి, చివర్లో గంజి ద్రావణం కలిపితే నీలం అవుతుంది. ఆ నీలం మాయమైన చుక్క దగ్గర చెయ్యి ఆపాలి. ఓడ ఊగుతున్నా చెయ్యి ఊగకూడదు.

పైనీటి సీసాల్లో మడ్డి ముదురు గోధుమరంగులో ఉండేది. 200 మీటర్ల లోతు నుంచి వచ్చిన సీసాలో మందు వేసి ఊపాను. మడ్డి దాదాపు తెల్లగా వచ్చింది. మందు తప్పు వేశానేమోనని మళ్లీ చేశాను. మళ్లీ తెల్లగానే వచ్చింది. తెలుపు అంటే ఊపిరి లేదని అర్థం. పక్కనే ఉన్న మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, బంగాళాఖాతం ఇలాగే ఉంటుంది తల్లీ అన్నారు.

కారణం మళ్లీ నదులే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ ఇదే సముద్రంలో కలుస్తాయి. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే, బంగాళాఖాతం ఉత్తర భాగంలో వానాకాలం తర్వాత పైనీటిలో 30 కన్నా కిందకు పోతుంది. ఆ తేలిక నీరు కుండ మీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత వీచినా పైనీరు అడుగుకు కలవదు, ప్రాణవాయువు దిగదు. నదిలో నీరు ఎంత, అందులో ఎరువులు, మురుగు ఎంత అన్నది తెలియకుండా ఈ తెల్ల మడ్డి కథ పూర్తికాదు. బోరుబావి గారు ఆనకట్ట దగ్గర నిలబడి చెప్పినదే నేను ఓడ మీద నిలబడి చూశాను.

అలకట్ట | తీర ఇంజనీరు | శనివారం, రాత్రి 8.50

ఇంజనీరింగ్ దారి గురించి ఎవరూ రాయలేదు. గోస్తని_ఒడ్డు గారికి అది కుదరకపోవచ్చు కానీ ఈ చర్చ చదివే ఎంపీసీ పిల్లలకు పనికొస్తుంది. సివిల్ ఇంజనీరింగ్ తర్వాత సురత్కల్ ఎన్‌ఐటీలో నీటి వనరులు, సముద్ర ఇంజనీరింగ్ రెండూ ఒకే విభాగంలో ఉన్నాయి. రూర్కీలో నీటి వనరుల అభివృద్ధికి 1955 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. మద్రాసు ఐఐటీలో సముద్ర ఇంజనీరింగ్ ఉంది.

ఈ చదువు ఎందుకంటే, రామకృష్ణ బీచ్‌కు వెళ్లి చూడండి. మన తీరం వెంట నైరుతి వానాకాలపు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. డాల్ఫిన్ కొండ పక్కన బయటి రేవు కోసం కట్టిన గోడలు ఆ ఇసుక దారికి అడ్డుపడతాయి. రేవుకు దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన ఉన్న బీచ్ కోసుకుపోతుంది. అందుకే రేవు తవ్వకాల్లో వచ్చిన ఇసుకను గొట్టాల ద్వారా బీచ్‌కు తెచ్చి పోస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ ఒడ్డు ఎంత నిస్సహాయంగా ఉందో మనమంతా చూశాం. రేవు లేకపోతే ఈ నగరం ఇంత అయ్యేది కాదు, ఆ మాట కూడా నిజమే. లాభం ఒకచోట, కోత ఇంకోచోట. ఆ లెక్క నిజాయితీగా వేయగలగడమే నిర్వహణ.

సరంగు_కొడుకు | చేపల రేవు | శనివారం, రాత్రి 9.20

అలకట్ట గారూ, కోత గురించి బాగా చెప్పారు. కానీ ఒక ఒడ్డుకు రాళ్లు పేరిస్తే పక్క పాలెంలో తెప్పలు లాగే చోటు పోతుంది. రాళ్లు ఎక్కడ వేయాలో గీసే ముందు పాలెం పెద్దలను కూర్చోబెట్టి అడిగిన ఇంజనీరు ఎంతమంది? నేను కోపంతో అనడం లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

అలకట్ట | తీర ఇంజనీరు | శనివారం, రాత్రి 9.45

తక్కువమంది. నేను కూడా మొదటి పనిలో అడగలేదు. పని పూర్తయ్యాక, తెప్ప లాగే దారి ఎక్కడని ఒక పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాళ్ల మధ్య ఇరవై అడుగుల ఖాళీ వదలాలని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి కాగితం మీద గీత గీసే ముందు తెల్లవారుజామున ఒడ్డు మీద నడుస్తున్నాను.

గోస్తని_ఒడ్డు | భీమునిపట్నం | ఆదివారం, ఉదయం 7.10

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సరంగు_కొడుకు అన్నయ్యా, వాటాల గురించి మీరు రాసినది నాన్నకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఉన్నమాట గారు చెప్పిన విషయం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఇంట్లో తమ్ముడు ఉన్నాడు, వాడి చదువు కూడా ఉంది. మూడేళ్లు ఎదురుచూసే స్థోమత మాకు లేదు. ఏదైనా మధ్యేమార్గం ఉందా? ఓడ గురించి అమ్మ భయానికి కూడా ఎవరైనా ఆడవారు జవాబు చెబితే ఆవిడకు చదివి వినిపిస్తాను.

నడిసంద్రం | సముద్ర రసాయన పరిశోధకురాలు | ఆదివారం, మధ్యాహ్నం 12.30

ముందు మీ అమ్మగారికి. అమ్మా, 1983 డిసెంబరులో అదితి పంత్ అనే సముద్ర శాస్త్రవేత్త, సుదీప్తా సేన్‌గుప్తా అనే భూగర్భ శాస్త్రవేత్త మన దేశం నుంచి అంటార్కిటికాకు వెళ్లారు. అక్కడ అడుగుపెట్టిన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్తలు వాళ్లే. నలభై ఏళ్ల కిందటే ఆ దారి పడింది. నేను తొలిసారి ఓడ ఎక్కినప్పుడు మా బృందంలో నలుగురు ఆడవాళ్లం. మాకు విడిగా గదులు, లోపల గడియ, రాత్రి షిఫ్టులో ఇద్దరిద్దరం కలిసి పని. ఓడ ఎక్కకుండా ఈ రంగంలో ఎదిగినవారు కూడా ఎంతోమంది ఉన్నారు. ప్రయోగశాల, ఉపగ్రహ సమాచారం, భూగర్భజలం, ఇవన్నీ నేల మీద పనులే. మీ అమ్మాయిని ఓడ పేరు చెప్పి ఆపకండి.

ఇప్పుడు నీకు. మధ్యేమార్గం నీ రసాయనశాస్త్రంలోనే ఉంది. నీరు పరీక్షించడం వచ్చిన మనిషికి ఈ ఊళ్లో పని దొరుకుతుంది. తాగునీటి పరీక్ష కేంద్రాలు, కాలుష్య పరీక్షలు చేసే ప్రయోగశాలలు, రొయ్యల హేచరీలు, ఎగుమతి కర్మాగారాల నాణ్యత విభాగాలు, మురుగు శుద్ధి కేంద్రాలు, వీటన్నిటికీ ఆ చేతిపని కావాలి. మొదటి జీతం పెద్దది కాదు కానీ ఇల్లు ఆగదు. ఎమ్మెస్సీలో రసాయన సముద్ర శాస్త్రం వైపు గాని, పర్యావరణ శాస్త్రం వైపు గాని వెళ్లి, నీటి విశ్లేషణను చేతివేళ్ల మీదకు తెచ్చుకో. లెక్కల భయం వదులు. నీకు కావలసినది గణాంకశాస్త్రం, కంప్యూటర్ మీద పటాలు గీయడం, ఒక ప్రోగ్రామింగ్ భాష. రోజూ గంట చొప్పున ఒక ఏడాది కూర్చుంటే వస్తాయి. నాకు అలాగే వచ్చాయి, నాదీ బైపీసీయే.

విశాఖ విడిచి వెళ్లనక్కర్లేదు. జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ ప్రధాన కార్యాలయం గోవాలో ఉన్నా, ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం, భారత మత్స్య సర్వేక్షణ స్థావరం అన్నీ ఈ ఊళ్లోనే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ తలుపులు ముందే తట్టు. చివరి సెమిస్టరు దాకా ఆగితే చోటు ఉండదు.

విదేశం సంగతి అడిగావు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఆక్వాకల్చర్, సముద్ర వనరుల నిర్వహణ పేరుతోనే రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. ఫీజు మన ఇళ్లకు అందేది కాదు, ఉపకారవేతనం వస్తేనే ఆలోచించాలి. కానీ వాళ్ల దగ్గర నేర్చుకోదగిన ఒక సంగతి ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. ఆ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా దిగువన ఉంటుంది. ఆమ్‌స్టర్‌డాం నగరం 1853 నుంచి తీరంలోని ఇసుక దిబ్బల నుంచి తాగునీరు తోడుకుంది. తోడగా తోడగా మీ అమ్మమ్మగారి బావికి పట్టిన గతే ఆ దిబ్బలకూ పట్టింది, అడుగు నుంచి ఉప్పు లేచింది. 1957 నుంచి రైన్ నది నీటిని తెచ్చి, శుభ్రం చేసి, ఆ దిబ్బల్లోకి ఇంకిస్తున్నారు. ఇంకిన నీరు ఉప్పును కిందకు నెడుతుంది, ఇసుక వడగట్టిన నీరు మళ్లీ నగరానికి వస్తుంది. నది, దిబ్బ, సముద్రం మూడింటినీ ఒకే పద్దులో రాశారు.

భీమిలి దారిలో మనకు ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వాటి అందం గురించి అందరూ మాట్లాడతారు. వాన పడితే ఆ ఇసుక ఎంత నీరు తాగి, ఎక్కడ వదులుతుందో మాట్లాడేవారు తక్కువ. తీరం వెంట ఉన్న ఇసుకను చదును చేసి స్థలాలు వేసినప్పుడల్లా ఒక నీటికుండ పగిలినట్టే.

బోరుబావి | భూగర్భజలాల ఉద్యోగి | ఆదివారం, మధ్యాహ్నం 1.15

నడిసంద్రం గారి మాటకు నా వంతు. కోర్సు కోసం ఎదురుచూడకుండా ఈ వారమే మొదలుపెట్టండి. మీ కళాశాల ప్రయోగశాలలో చేతిలో పట్టే విద్యుత్ వాహకత మీటరు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీరు విద్యుత్తును ఎక్కువ పారనిస్తుంది. సముద్రపు నీరు 50,000 మైక్రోసీమెన్ల చుట్టుపక్కల చూపిస్తుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన ప్రమాణం, వేరే నీరు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు. మీటరు అంకెలో సుమారు మూడింట రెండు వంతులు లవణాల మిల్లీగ్రాములు అనుకోండి, మొదటి అంచనాకు చాలు.

పైనీరు ఒక్కటే తీయకండి. సీసాకు రాయి కట్టి అడుగు నుంచి కూడా తీయండి. సముద్రానికి దూరంగా ఉన్న ఇంకో బావి చూడండి. మోటారు వేయకముందు, వేశాక చూడండి. తేదీ, సమయం, నీటిమట్టం రాయండి. అంతే.

ఉన్నమాట | సీతమ్మధార | ఆదివారం, మధ్యాహ్నం 3.00

నీటి విశ్లేషణ వైపు వెళ్తే పని దొరుకుతుందన్న మాట మా అక్కతో చెప్పాను. నిజమేనంది. తాను ఆ రోజుల్లో చేపల వర్గీకరణ ఒక్కటే పట్టుకుని, పరికరాల జోలికి వెళ్లలేదని చెప్పింది. కనుక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. ప్రాజెక్టు ఉద్యోగాల గురించి అన్నది మాత్రం అలాగే ఉంచుతున్నాను.

గోస్తని_ఒడ్డు | భీమునిపట్నం | తర్వాతి ఆదివారం, రాత్రి 9.50

మా ప్రయోగశాల మేడమ్ మీటరు ఇచ్చారు. ఈ రోజు ఉదయం నాన్నతో కలిసి అమ్మమ్మ ఊరు వెళ్లాను.

మా బావి పైనీరు 1,860. అడుగు నీరు 3,720. ఒకే బావిలో రెండు రకాల నీళ్లు! మీటరు పాడైందేమోనని మూడుసార్లు చూశాను. ఊరి లోపలి వైపు, గుడి వెనక బావిలో 790. మధ్యాహ్నం పక్క సరుగుడు తోటలో మోటారు రెండు గంటలు నడిచాక మళ్లీ మా బావిలో చూస్తే పైనీరే 2,240. నీటిమట్టం నాలుగు వేళ్లు దిగింది. బోరుబావి గారూ, మీరు చెప్పిన మూరెడు, తాటిచెట్టు ఎత్తు లెక్క నా కళ్ల ముందే కనబడింది.

తోట రైతుకు కూడా చూపించాను. మొదట చిరాకు పడ్డారు. తన బోరు నీరు తెచ్చి కొలవమన్నారు, 2,900 వచ్చింది. మొక్కలు ఎందుకు ఎండుతున్నాయో అని ఆయన తనలో తానే అనుకున్నారు. వచ్చే వారం కూడా రమ్మన్నారు.

పీజీసెట్‌కు చదవడం మొదలుపెట్టాను. సముద్ర జీవ వనరులు మొదటి ఎంపిక, పర్యావరణ శాస్త్రం రెండోది. ఏది వచ్చినా నీటి విశ్లేషణ వదలను. అమ్మ ఇంకా సరేననలేదు, కానీ నడిసంద్రం గారు రాసినది వినేటప్పుడు తట్ట దించి కూర్చుని విన్నది.

ఈ రోజు నేను చేసిన తప్పు ఒకటి ఉంది. రెండోసారి సీసా వదిలినప్పుడు అది మొదటిసారి ఎంత లోతు దిగిందో అంతే దిగిందని చెప్పలేను, తాడుకు గుర్తు పెట్టలేదు. సాయంత్రం అమ్మమ్మ ఆ తాడు ఒళ్లో వేసుకుని, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుచుకుంటూ మూరకొక ముడి వేసింది. పదకొండు ముడులు వచ్చాయి. తొమ్మిదో ముడి దగ్గర ఎర్రగుడ్డ పీలిక కట్టింది, అడుగు నీరు అక్కడి నుంచి తీయమని.

ఒక ప్రశ్న: మూరను సెంటీమీటర్లలో రాసుకోవాలంటే ఆవిడ చెయ్యి కొలవాలా, తాడు కొలవాలా? తాడు తడిస్తే కుదించుకుపోతుందా?

బోరుబావి | భూగర్భజలాల ఉద్యోగి | తర్వాతి ఆదివారం, రాత్రి 10.20

తాడు కొలవండి, తడిపి. కొబ్బరి తాడైతే తడిసినప్పుడు కుదించుకుంటుంది. నైలాను తాడు పొడవు కూడా తడిస్తే కొంత మారుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మళ్లీ టేపుతో సరిచూసుకోండి, ఆ అంకె కూడా పుస్తకంలో రాయండి.